నడకల ప్రొఫెసరు గారికి, బొగ్గు డిపో నుంచి

కొచ్కోర్,
ఆగస్టు 4

వ్యాయామ శాస్త్ర విభాగంలో ఉన్న పెద్దలందరికీ ఒకే సలాం. విడివిడిగా చెప్పేంత తీరిక లేదు.

నా పేరు మెదెర్. ఇరవై ఆరేళ్ళు. కొచ్కోర్ బొగ్గు డిపోలో బస్తాలు మోస్తాను. మీ కాగితం ఒకటి మా ఊరి ఆసుపత్రి గోడకి అంటించి ఉంది. "మా అధ్యాపకులు, వారు బోధించే పాఠాలు, వారి పరిశోధనాసక్తులు" అని. మా పాపకి టీకా వేయించడానికి రెండు గంటలు నిలబడ్డాను కాబట్టి మొత్తం చదివాను. రెండుసార్లు చదివాను.

ముందు నా కోపం చెప్పేస్తాను, పని తర్వాత. మీలో ఒకాయన ఆసక్తి "కండరాల అలసట" అట. ఇంకొకాయనది "ఎత్తైన ప్రదేశాల్లో దమ్ము". మరొకాయనది "విశ్రాంతి". విశ్రాంతి మీద నాకూ ఆసక్తి ఉందండీ. మా డిపోలో నలభై మందికి ఉంది. దాని మీద మమ్మల్ని ఎవరూ అధ్యాపకుల్ని చేయలేదు. అలసట ఏమిటో తెలియాలంటే పుస్తకం ఎందుకు? ఒక్క అక్టోబరు నెల మా దగ్గరికి రమ్మనండి, ఎనభై కిలోల బస్తా వీపు మీద పెట్టి మేమే పాఠం చెబుతాం.

ఇప్పుడు పని. మీ కాగితంలో అందరికంటే పైన ప్రొఫెసర్ కలీపా షర్షేనొవ్నా గారి పేరుంది. ఆసక్తి: "పసిపిల్లల తొలి అడుగులు, మనిషి నడక". ఇరవై రెండేళ్ళుగా ఆవిడకి నడకే పనట.

మా బేగిమైకి పద్నాలుగు నెలలు. గోడ పట్టుకుని లేస్తోంది, రెండడుగులు వేసి కూలబడుతోంది. వచ్చే నెల దానికి కాలి బందం కోయించాలి. పట్నంలో ఉండి మీరు మరిచిపోయుంటారేమో: నలుపూ తెలుపూ ఉన్ని దారాలు పేని పిల్ల రెండు కాళ్ళకీ కడతాం, వీధిలో పరుగు పందెం పెడతాం, గెలిచినవాడు వచ్చి కత్తితో ఆ దారం కోస్తాడు. కోసినవాడి నడకే పిల్లకి వస్తుంది.

మా వీధిలో అందరూ డిపోవాళ్ళే. పందెం పెడితే గెలిచేది డిపోవాడే. నా బందం కోసింది మా బాబాయి, ఆయనా మోసేవాడే. ఇప్పుడు నా నడక ఎలా ఉంటుందంటే నడుం ముందుకి, పాదాలు పక్కలకి, చూపు నేలకి. వీపు మీద ఏమీ లేకపోయినా బస్తా ఉన్నట్టే నడుస్తాను. పెళ్ళిపీటల దగ్గరికి కూడా అలాగే వచ్చావని మా అత్తగారు నాలుగేళ్ళుగా అంటోంది. ఇల్లరికం కాబట్టి రోజూ అంటోంది.

నేను ఇవన్నీ నమ్మను. నా అంతట నేనే పుస్తకాలు చదువుకున్నవాణ్ణి. కానీ నేను నమ్మకుండా ఉండి అది నిజమైతే నష్టపోయేది నేను కాదు కదా, పిల్ల.

అందుకని ఈసారి పందెం వద్దని తీర్మానించాను. దేశం మొత్తంలో నడక గురించి ఎక్కువ తెలిసిన మనిషి చేతే కోయిస్తాను. ప్రొఫెసరు గారిని పంపండి.

ఇట్లు, వంగిన నడుంతో,
మెదెర్

తా.క. ఈ ఉత్తరం వ్యాను డ్రైవరు కెంజెబెక్‌కి ఇస్తున్నాను. జవాబూ అతనికే ఇవ్వండి. బస్టాండులో నీలం వ్యాను, పక్క అద్దం పగిలి ఉంటుంది. పగలగొట్టింది నేను కాదు, నేను ఎక్కించిన బీరువా.


బిష్కెక్,
ఆగస్టు 11

శ్రీ మెదెర్ గారికి వ్యాయామ శాస్త్ర విభాగం తెలియజేయునది.

మీ అర్జీ చేతిరాతతో, సంతకంతో ఉన్నందున నమోదు చేశాం. మా "తొలి అడుగులు" పరిశోధనకు మీ కుమార్తెను స్వచ్ఛందంగా ఇవ్వజూపినందుకు కృతజ్ఞతలు. సాధారణంగా తల్లిదండ్రులను మేమే బతిమాలుకోవాలి. తామే రాసినవారు ఈ ఇరవై రెండేళ్ళలో మీరొక్కరే.

కాలి బందం విషయం మాకు చాలా ఉపయోగపడుతుంది. కోయక ముందు పాప నడక ఎలా ఉంది, కోశాక ఎలా ఉంది అన్నది ఇంతవరకు ఎవరూ కొలవలేదు. అందువల్ల మేము చెప్పేదాకా వేడుక జరపవద్దని మనవి.

దీనితో పాటు పద్నాలుగు మెరిసే బిళ్ళలు పంపుతున్నాం. చొక్కా గుండీ అంత ఉంటాయి, వెనక జిగురు ఉంటుంది. పాప తుంటికి, మోకాలికి, చీలమండకి, భుజానికి, మోచేతికి, మణికట్టుకి, మడమకి, రెండు వైపులా అంటించి, నాలుగు మీటర్లు నడిపించి, ఫోనులో వీడియో తీయండి. ఎవరూ చేయి పట్టుకోకూడదు. చప్పట్లు కొట్టకూడదు.

నా ప్రయాణం గురించి రాశారు. మేము ఇతరుల నడకను పరిశీలిస్తాం. నా నడక ఈ పరిశోధనలో భాగం కాదు.

ఇంతే సంగతులు,
కలీపా షర్షేనొవ్నా, విభాగాధిపతి

తా.క. కండరాల అలసట అధ్యాపకుడికి మీ ఉత్తరం చదివి వినిపించాం. బస్తా దగ్గరికి వచ్చేసరికి ఆయన లేచి వెళ్ళిపోయారు.


కొచ్కోర్,
ఆగస్టు 15

కలీపా ఎజేకి మా వీధి వీధంతా కలిసి చెప్పే సలాం.

మిమ్మల్ని ఎజే అని, అక్కా అని పిలుస్తున్నానని ఏమీ అనుకోకండి. "మేము చెప్పేదాకా వేడుక ఆపండి" అని రాశారు కదా, ఆ మాటతో మీరు మా ఇంటి మనిషైపోయారు. వచ్చే తేదీ చూసుకుని చెబుతారన్నమాట. నేను మీకంత శ్రమ ఇవ్వలేదు. తేదీ నేనే పెట్టేశాను. సెప్టెంబరు 14, ఆదివారం. గొర్రెని చూసిపెట్టాం. అరవై మందికి చెప్పాం. పందెం లేదని, పట్నం నుంచి నడకల ప్రొఫెసరమ్మ వస్తోందని చెప్పగానే డిపోలో ఇద్దరు నాతో మాట్లాడటం మానేశారు. "మా కాళ్ళు పనికిరావా నీకు?" అని. రావు అన్నాను.

మీ నడక గురించి మీరు రాసింది కూడా చదివి వినిపించాను. అంత పెద్ద చదువు చదివి, తన నడక గురించి ఒక్క ముక్క పొగుడుకోలేదు చూశారా అన్నాను. మా అత్తగారు బూబుకన్ కూడా తలూపింది. ఆవిడ తలూపడం నాలుగేళ్ళలో ఇదే మొదలు.

బిళ్ళల సంగతి. నేను డిపో నుంచి వచ్చేసరికి మా అత్తగారు పొట్లం విప్పేసింది. పెద్ద చదువు చదివిన ఆడమనిషి, చూడని పిల్లకి మెరిసే బిళ్ళలు పంపిందంటే అది దిష్టికి కాక మరి దేనికి అంది. కొలతలకి అన్నాను. "పిల్లని కొలిస్తే దిష్టి తగలదా? అందుకే ముందే బిళ్ళలు పంపింది" అంది. ఆవిడతో వాదించడం మీ అలసటాయనకి పెట్టాల్సిన పరీక్ష. సాయంత్రానికి వీధిలో ఆడవాళ్ళంతా వరసకట్టారు. పిల్లకి ఐదు మిగిలాయి. మిగతావి పక్కింటివాళ్ళ దూడకి రెండు, ఎదురింటి కొత్తకోడలికి రెండు, మాకు ఒక్క కోడి ఉంది దానికి ఒకటి, ఇంకా ఎవరెవరికో. ఒకటి కెంజెబెక్ తన వ్యాను అద్దం పగులు మీద అంటించుకున్నాడు.

వీడియో తీశాను. చప్పట్లు కొట్టొద్దన్నారని అందరి చేతులూ వెనక్కి కట్టుకోమన్నాను. పిల్ల అందర్నీ చూసి భయపడి కూర్చుండిపోయింది.

మీ రాక కోసం చూస్తూ,
మెదెర్

తా.క. మీ పళ్ళెంలో ఏ ముక్క పెట్టాలని పెద్దవాళ్ళు తగువు పడుతున్నారు. ప్రొఫెసరు కాబట్టి గొర్రె తల పెట్టాలని కొందరు. తుంటి మీద పరిశోధన చేస్తుంది కాబట్టి తుంటి ఎముకే పెట్టాలని మా అత్తగారు. ఏదో ఒకటి తేల్చండి, ఇక్కడ కొట్టుకునేలా ఉన్నారు.


బిష్కెక్,
ఆగస్టు 22

మెదెర్ గారికి, కొంత ఆందోళనతో.

నేను వస్తానని ఎక్కడా రాయలేదు. మీ ఉత్తరాలూ నా ఉత్తరమూ మళ్ళీ చదివి చూశాను. రాయలేదు. నేను ప్రయాణాలు చేయను.

అయితే అరవై మందిని పిలిచారు కాబట్టి మీ విషయాన్ని విభాగ సమావేశంలో మూడో అంశంగా పెట్టాను. మొదటి రెండు అంశాలూ చర్చకే రాలేదు. డోసెంట్ ఎర్మెక్ జుమాషెవిచ్, అంటే ఎత్తైన ప్రదేశాల్లో దమ్ము మీద పనిచేసే మా అధ్యాపకుడు, "బందం కోయడానికి పందెం ఉండాలి, పందెం అంటే పరుగు, పరుగంటే నాది" అన్నారు. అలసట అధ్యాపకుడు "నన్ను తిట్టినవాడి ఇంటికి నేనెందుకు వెళ్తాను?" అన్నారు. కాసేపాగి "గొర్రె ఎంతదట?" అన్నారు. విశ్రాంతి మీద పరిశోధన చేసే సహోద్యోగి ఏ అభిప్రాయమూ వెల్లడించలేదు. ఆయన ఆ సమయంలో పరిశోధనలో ఉన్నారు.

నలభై నిమిషాల వాదన తర్వాత, బందం కోయడానికి ఎర్మెక్ జుమాషెవిచ్‌ను పంపాలని తీర్మానించాం. ఆయన చదువుకునే రోజుల్లో నగరం తరఫున పరిగెత్తారు. నడక కూడా చక్కగా ఉంటుంది. నేను కొలిచాను.

ఇది మీకు సమ్మతమేనని భావిస్తూ,
కలీపా షర్షేనొవ్నా

తా.క. దూడకు ఆ బిళ్ళలు ఏ కీళ్ళ దగ్గర అంటించారో వీలైతే రాయండి. పరిశోధనకు కాదు. ఊరికే.


కొచ్కోర్,
ఆగస్టు 26

కలీపా ఎజేకి, సలాం తర్వాత, కోపం.

పరుగు మనిషి నాకొద్దు. మా వీధిలో పరిగెత్తగలిగినవాళ్ళందరూ మాస్కోకి పరిగెత్తారు. మా తమ్ముడు అక్కడ మంచు ఊడుస్తున్నాడు. వాడి బందం కోసినవాడు ఈ ప్రాంతంలోనే పేరున్న పరుగు మనిషి. నా కూతురు పరిగెత్తక్కర్లేదు. నడిస్తే చాలు. నిటారుగా నడవాలి. నున్నటి నేల మీద, కాళ్ళకి బూట్లతో, చేతిలో పుస్తకాల సంచీతో, తను వస్తుంటే లోపలివాళ్ళు తలుపు తీసే చోటికి. అలా నడిచే మనిషిని నేను ఒక్క కాగితం మీదే చూశాను. ఆ కాగితంలో పైనున్న పేరు మీది. నేను మీకు రాశాను. మీటింగుకి రాయలేదు.

ఇంకో సంగతి. మా ఆవిడ నాజిరా చిన్నాన్న కూతురొకతె బిష్కెక్‌లో మీ భవనంలోనే నేల తుడుస్తుంది. ఆదివారం వచ్చింది. అందరూ టీ తాగుతున్నప్పుడు అంది, "మీ నడకల ప్రొఫెసరమ్మ కర్ర లేకుండా గుమ్మం దాటదు బావా" అని.

"వంగి నేల తుడుచుకునేదానివి. కాళ్ళు చూసుంటావు, మనిషిని చూశావా?" అన్నాను.

"నేల తుడిచేదానికి కాళ్ళేగా కనిపించేది. అందరికీ రెండు కనిపిస్తాయి. ఆవిడకి మూడు."

మా అత్తగారు కప్పు కింద పెట్టేసింది. నేను మాత్రం తగ్గలేదు. "పట్నంలో పెద్ద పదవిలో ఉన్న ఆడదాని మీద ఇలాగే పుట్టిస్తారు. ఆవిడ దేశంలోకెల్లా బాగా నడిచే మనిషి" అని అందరి ముందూ చెప్పాను. "నువ్వు చూశావా?" అంది మా అత్తగారు. "కాగితంలో ఉంది" అన్నాను. ఆ పిల్ల ఏడ్చుకుంటూ వ్యానెక్కింది.

మిమ్మల్ని నేను అడగను. అడిగితే అనుమానించినట్టవుతుంది.

మాట మీద నిలబడే,
మెదెర్

తా.క. చూశారు కదా, అడగలేదు. కానీ జవాబు త్వరగా రాయండి.


బిష్కెక్,
సెప్టెంబరు 2

మెదెర్ గారూ, మీరు అడగని ప్రశ్నకు జవాబు: అవును. మూడు.

ఎడమ తుంటి. పంతొమ్మిదో ఏట గుర్రం మీంచి పడ్డాను. రెండేళ్ళు కిటికీ దగ్గర మంచం మీద ఉన్నాను. అప్పుడు నాకు వేరే పనేమీ లేదు, వీధిలో పోయేవాళ్ళ కాళ్ళు చూడటం తప్ప. నడిచేవాళ్ళెవరూ నడక గురించి ఆలోచించరని అప్పుడే తెలిసింది. పాదం ఎప్పుడు లేస్తుంది, తుంటి ఎటు తిరుగుతుంది, ఏ వేలు చివరిగా నేలని వదులుతుంది, ఇవన్నీ నేను నోటుబుక్కులో రాసుకునేదాన్ని. నా ఆసక్తి అక్కడ మొదలైంది. నాకు బాగా వచ్చు కాబట్టి కాదు. రాదు కాబట్టి.

మా విభాగం మొత్తం ఇంతే. విశ్రాంతి ఆయనకు సమావేశాల్లో తప్ప ఎక్కడా నిద్ర పట్టదు. ఎర్మెక్ జుమాషెవిచ్ ఎత్తైన ప్రదేశాల పరిశోధనంతా మా భవనం కింది అంతస్తులో, ఒక గదిలో గాలి పలచబరిచి చేస్తారు. ఆ కాగితం రాసింది నేనే. అందులో అబద్ధం లేదు. కానీ మీరు చదివినట్టు చదువుతారని నాకు తోచలేదు.

కాబట్టి నా చేత కోయించవద్దు. మీరు నమ్మినా నమ్మకపోయినా, ఊరు నమ్ముతుంది. పాప ఎప్పుడు తడబడినా నన్నే తలుచుకుంటారు. మామూలుగా పందెం పెట్టండి. మా వాళ్ళు ముగ్గురూ వస్తారు, గొర్రె మాట విన్నాక ఆపలేను. నేనూ వస్తాను. కెమెరా పట్టుకుని, దూరంగా. నాకు ముందూ తర్వాతా నాలుగు మీటర్లు కావాలి.

ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పండి. ఆమె పరిశీలన సరైనది.

కలీపా షర్షేనొవ్నా

తా.క. తుంటి ఎముక వద్దు. నాకున్న దానితోనే అవస్థ పడుతున్నాను.


కొచ్కోర్,
సెప్టెంబరు 22

కలీపా ఎజేకి. ఈ ఉత్తరం కూర్చుని చదవండి.

మీరు వెళ్ళి ఎనిమిది రోజులైంది. ఆ రోజు జరిగింది మీకూ తెలుసు, కానీ మా అత్తగారు ఊరంతా వేరేలా చెబుతోంది కాబట్టి నేను చూసింది రాసి పెడుతున్నాను. మీ వీడియోతో సరిచూసుకోండి.

పందెం డిపో గేటు నుంచి మా వాకిలి దాకా. పదకొండు మంది. తొమ్మిది మంది డిపోవాళ్ళు, మీ ఎర్మెక్ జుమాషెవిచ్ ఒకరు, ఎవరికీ చెప్పకుండా చేరినవాణ్ణి నేనొకణ్ణి. నా ఉద్దేశం గెలవడం కాదు. డిపోవాడు గెలవకూడదు, అంతే. వాళ్ళకి అడ్డం పడాలంటే వాళ్ళకంటే ముందుండాలి కదా. అలా ముందుండి ముందుండి వాకిట్లోకి వచ్చిపడ్డాను. చివరికి గెలిచింది డిపోవాడే.

మీ దమ్ము డోసెంటుగారు సగం దారిలో రోడ్డు మీద కూర్చున్నారు. అలసట అధ్యాపకుడు పరిగెత్తుకెళ్ళి ఆయన నాడి పట్టుకుని, "అద్భుతం! ఇంకాసేపు అలాగే ఉండండి, లేవకండి!" అన్నాడు. అంత సంతోషంగా ఉన్న మనిషిని నేను డిపోలో ఎప్పుడూ చూడలేదు. విశ్రాంతాయన వ్యాను దిగనేలేదు.

తండ్రి కోయకూడదన్నారు పెద్దలు. గెలిచినవాడు కత్తి ఎవరికిస్తే వాళ్ళు కోయాలన్నారు. మా అత్తగారు తన మేనల్లుణ్ణి ముందుకి తోసింది. వాడు రెండో స్థానం. డిపోలో నా పక్క వరస. నేను వాణ్ణి దాటుకుని కెమెరా దగ్గరికి వచ్చి మీ చేతికిచ్చాను.

"నా కర్ర కనిపించట్లేదా?" అన్నారు మీరు, అందరికీ వినపడేట్టు.

"కనిపిస్తోంది. కోయండి" అన్నాను.

"ఉత్తరంలో వివరంగా రాశాను."

"వివరంగానే చదివాను. ఇక్కడ నిలబడ్డవాళ్ళందరూ నాలాంటివాళ్ళే ఎజే. ఇంకెవరికివ్వను?"

మీరు కెమెరా పక్కన పెట్టారు. తర్వాత వంగడానికి కర్ర అడ్డమొచ్చి, దాన్ని పిల్ల చేతికిచ్చి, దారం కోశారు. ఆ కర్ర మళ్ళీ పిల్ల చేతిలోంచి తీసుకోవడానికి ముగ్గురం కావలసి వచ్చింది.

ఇంతవరకూ బాగుంది. ఇప్పుడు అసలు సంగతి. నాలుగో రోజు పిల్ల లేచి నడిచింది. వాకిలంతా నడిచింది. కుడికాలు ఈడుస్తూ. చేతిలో అత్తగారి గరిటె పట్టుకుని, నేల మీద ఆనిస్తూ. నేను బొగ్గు కడుక్కుంటున్న చేతులతో అలాగే నిలబడిపోయాను.

ఊరంతా వచ్చి చూసింది. "సైన్సుకి ఇచ్చావు, సైన్సు తీసుకుంది" అంది మా అత్తగారు. నాజిరా వెళ్ళి గరిటె దాచేసింది. తను తిట్టి ఉంటే బాగుండేది. గరిటె దాచేస్తే చీపురు పట్టుకుంటోంది, చీపురు దాచేస్తే పొయ్యి కర్ర. కుడికాలు మాత్రం ఈడుస్తూనే ఉంది.

నమ్మనని రాశాను మీకు. నాలుగు రోజులుగా నమ్ముతున్నాను. మీ మీద కోపం లేదు, ఉందనుకోండి, కానీ కత్తి ఇచ్చిన చెయ్యి నాది. మీరు వద్దని రాశారు. ముందే రాశారు. బస్తా నడక తప్పించబోయి నా పిల్లకి నేనేం చేశాను? దారం మళ్ళీ కట్టి మళ్ళీ కోయిస్తే పోతుందా? మీ పుస్తకాల్లో ఏదైనా ఉంటే రాయండి. లేకపోతే లేదని రాయండి.

మెదెర్

తా.క. మా అత్తగారు ఆగలేక నిన్న తనే దారం మళ్ళీ కట్టి తనే కోసింది. ఇప్పుడు పిల్ల కుంటుతూ అందరి మీదా అరుస్తోంది. రెండూ వచ్చాయేమో.


బిష్కెక్,
సెప్టెంబరు 25

తమ్ముడు మెదెర్‌కి, మీ ఉత్తరం కూర్చునే చదివాను.

మీ బాధ అర్థమైంది. దాని గురించి చివర్లో. ముందు కాలు.

మీరు రెండుసార్లు కుడికాలు అని రాశారు. నాది ఎడమకాలు. అంటుకునేదే అయితే కనీసం సరైన కాలికి అంటుకోవాలి. వేడుక రోజు వీడియో పన్నెండుసార్లు చూశాను. కోయక ముందు నాలుగు అడుగులు, కోశాక ఆరు. రెండు కాళ్ళూ సమానం. తుంటి సమానం. ఏ లోపమూ లేదు. అంటే ఇప్పుడున్నది ఆ తర్వాత వచ్చింది. పసిపిల్ల ఒక కాలు ఈడ్చడానికి నాకు తెలిసిన కారణాలు పదిహేడు. వాటిలో పదహారింటికి పాపని ఇక్కడికి తీసుకురావాలి. పదిహేడోదానికి అక్కర్లేదు.

వట్టికాళ్ళతో కూడా కుంటుతోందా, బూట్లతోనేనా? మీరు రాయలేదు. వాకిట్లో అన్నారు కాబట్టి బూట్లతో అనుకుంటున్నాను. ఈ ఉత్తరం ఇక్కడ ఆపండి. కుడి బూటు విప్పి, బోర్లించి, నేలకేసి కొట్టండి.

ఇక మీ బాధ సంగతి: మీరు కత్తి ఇచ్చినందువల్ల పాపకు ఏమీ కాలేదు. కర్ర విషయంలో మాత్రం తప్పు నాది. నేనే చేతికిచ్చాను. దానికి మా శాస్త్రంలో మందు లేదు.

మీ అక్క,
కలీపా

తా.క. బూటులోంచి ఏమీ పడకపోతే ఉత్తరం రాస్తూ కూర్చోకండి. పాపని తీసుకుని మర్నాడు ఉదయం వ్యాను ఎక్కండి. బస్టాండులో నేను నిలబడి ఉంటాను. గుర్తుపట్టడం కష్టం కాదు.


కొచ్కోర్,
సెప్టెంబరు 29

కలీపా అక్కకి, మా ఇంటిల్లిపాదీ, కోడితో సహా చెప్పే సలాం.

పడింది. కురుత్ ఉండ. ఎండిన పెరుగుది, రాయిలా గట్టిది, నా బొటనవేలంత. బూటు ముందు భాగంలో ఇరుక్కుని కూర్చుంది. నేలకేసి మూడోసారి కొడితే వచ్చింది.

ఎలా వెళ్ళిందో కూడా పట్టుకున్నాం. పళ్ళు గట్టిపడతాయని మా అత్తగారు రోజూ పొద్దున్నే పిల్ల చేతిలో ఒక కురుత్ పెట్టి చప్పరించమంటుంది. పిల్లకి అదంటే పడదు. కింద పడేస్తే ఆవిడ మళ్ళీ నోట్లో పెడుతుంది. అందుకని బూటులో దాచేస్తోంది. పదిహేను నెలలకే మా అత్తగారిని తప్పించుకునే దారి కనిపెట్టింది. నాకు నాలుగేళ్ళయినా దొరకలేదు. ఆ ఉండని అత్తగారు తీసి, కొంగుతో తుడిచి, మా అందరి వంకా చూస్తూ తినేసింది. సైన్సు గురించి మళ్ళీ ఒక్క మాట అనలేదు.

పిల్ల ఇప్పుడు ఈడ్చడం లేదు. కర్ర మాత్రం వదల్లేదు. మీరన్నట్టు దానికి మందు లేదు కాబట్టి పోప్లార్ కొమ్మ నున్నగా చెక్కి ఇచ్చాను. పిల్ల ఇక దాన్ని ఆనించుకోవడానికి వాడటం లేదని రెండ్రోజులు చూస్తే గాని తెలియలేదు. దాంతో చూపిస్తుంది. తలుపు వైపు చూపిస్తే తలుపు తీయాలి. కోడి వైపు చూపిస్తే కోడి జరగాలి.

నిన్న ఆదివారం. మా డిపో మేస్త్రీ వచ్చాడు. పిలవకుండా, గొళ్ళెం కొట్టకుండా, సరాసరి వాకిట్లోకి. రెండు లారీలు వచ్చాయి, సెలవు లేదు, బయల్దేరు అన్నాడు. నేను లేచాను. లేవగానే నడుం దానంతటదే వంగింది, బస్తా లేకుండానే. ఇంతలో బేగిమై గడపలోంచి వచ్చింది. వాడికీ నాకూ మధ్య నిలబడి, వాడి మోకాలి చిప్ప మీద కర్రతో ఒక్కటి పొడిచి, గేటు వైపు చూపించింది.

మేస్త్రీ పక్కకి జరిగాడు.

నవ్వి జరగలేదక్కా. మామూలుగా జరిగాడు, జరగమంటే జరిగినట్టు. జరిగాక వాడికే ఆశ్చర్యమేసింది. ఆరేళ్ళుగా ఎనభై కిలోలు వీపు మీద పెట్టుకుని వాడికి ఎదురుగా వెళ్తున్నాను. ఒక్కసారి కూడా వాడు పక్కకి జరగలేదు. ఎప్పుడూ నేనే చుట్టు తిరిగి వెళ్ళేవాణ్ణి.

పిల్ల నడుం చూశాను. నిటారుగా ఉంది.

నేను పనికి వెళ్ళలేదు. సెలవు సెలవే అన్నాను. అదీ కూర్చుని అన్నాను.

ఇట్లు, మీరు బందం కోసిన పిల్లకి తండ్రి,
మెదెర్

తా.క. ఇదేం పెంపకమని మా అత్తగారు కర్ర లాక్కుంది. ఐదు నిమిషాల్లో తనే తిరిగిచ్చేసింది. ఏమైందని నేను అడగలేదు. మోకాలు రుద్దుకుంటోంది.